సముద్రం మూసేసిన ఆదివారం

ఆ వారం నేను ఫోన్‌లో ఆ మ్యాపు చూసినన్నిసార్లు, పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో మా ఆయన ముఖం చూసి ఉండను. నీలంగా సముద్రం, దాని ఒడ్డు వెంట రంగు గీతలు. ఆకుపచ్చ గీత ఉంటే మామూలుగా ఈత కొట్టవచ్చు. పసుపు ఉంటే ఇసుక మీద నడవచ్చు గానీ నీళ్ళలో దిగకూడదు. ఎరుపు ఉంటే ఆ దరిదాపులకే పోకూడదు. రోజుకు రెండుసార్లు, పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ మారుస్తామని కింద రాశారు. నేను మాత్రం పావుగంటకోసారి చూసేదాన్ని. హాస్పిటల్లో పేషెంట్ల బీపీ కూడా ఇంత శ్రద్ధగా చూస్తావా అని మా ఆయన ఏసుపాదం ఎగతాళి చేశారు. ఆయన ఎగతాళికి వేళాపాళా ఉండదు.

మంగళవారం నాడు దక్షిణ కాలిఫోర్నియా తీరానికి దూరంగా, సముద్రం అడుగున పోయే చమురు గొట్టం ఒకటి పగిలింది. ఎంత కారిందో మొదటిరోజు ఒక మాట చెప్పారు, మర్నాడు ఇంకో మాట చెప్పారు. అంత పొడుగు తీరం ఉండగా ఆ చమురు తెట్టు కదిలి కదిలి, ఆదివారం మా అమ్మాయి షాలోమ్ బాప్తిస్మం తీసుకోవాల్సిన బీచ్ వైపే తిరిగింది. పక్కకు పోవడానికి దానికి చోటే దొరకలేదు కాబోలు.

మేముండేది కాలిఫోర్నియాలోనే ఉత్తరాన, డబ్లిన్‌లో. పద్నాలుగు తెలుగు కుటుంబాలం కలిసి ఒక అమెరికన్ చర్చి హాలును ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుని ఆరాధన చేసుకుంటాం. ఆ హాల్లోనే వేదిక వెనక బాప్తిస్మాల తొట్టి ఉంది. నీలం టైల్స్, గోరువెచ్చని నీళ్ళు, దిగడానికి పట్టుకునే కమ్మీ కూడా ఉంది. మా సంఘం పిల్లలందరూ అందులోనే మునిగి లేచారు, ఒక్క షాలోమ్ తప్ప. పన్నెండేళ్ళప్పుడు అడిగితే వద్దంది. పద్నాలుగేళ్ళప్పుడు వినిపించనట్టు ఊరుకుంది. పదహారేళ్ళప్పుడు ఆలోచిస్తానంది. ఈ వసంతంలో ఒకరోజు అంట్లు సర్దుతూ తనంతట తనే అంది:

"ఓకే అమ్మా. నేను బాప్టిజం తీస్కుంటా. కానీ ఆ టబ్‌లో కాదు. ఓషన్‌లో. నీలాగ."

చేతిలో గిన్నె జారవిడిచి ఏడ్చేశాను. ఎందుకంటే నాకు ఆగస్టు భయం పట్టుకుంది. ఆగస్టులో తను బోస్టన్‌కి కాలేజీకి వెళ్తుంది. అలా వెళ్ళిన పిల్లల్ని చూస్తూనే ఉన్నాను. మొదటి సెమిస్టర్‌లో ఆన్‌లైన్లో ఆరాధన చూస్తారు. రెండో సెమిస్టర్‌లో "ప్రాజెక్ట్ ఉంది ఆంటీ" అంటారు. ఆ తరవాత క్రిస్మస్‌కి కనిపిస్తే గొప్ప. వెళ్ళేలోగా నా బిడ్డ దేవుడితో ఒక మాట అనుకుని వెళ్ళాలి. నాకు కావలసింది అదొక్కటే. ఏటా జూలైలో మా సంఘం కుటుంబాలు దక్షిణాన బీచ్ దగ్గర మోటల్‌లో మూడురోజులు గడుపుతాయి. అక్కడి నీళ్ళు మా వైపు అంత చల్లగా ఉండవు. ఆదివారం పొద్దున సముద్రంలో బాప్తిస్మం అని మా పాస్టర్ అయ్యగారు కూడా ఒప్పుకున్నారు. తెల్ల డ్రెస్ నేనే కుట్టాను.

సరిగ్గా అప్పుడే గొట్టం పగిలింది.

గురువారానికి వాట్సాప్ గ్రూపులో ఒక్కొక్కరే జారుకోవడం మొదలుపెట్టారు. ఒకరికి పిల్లాడి ఆస్త్మా, ఒకరికి ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్. పద్నాలుగు కుటుంబాల్లో అయిదే మిగిలాయి. "మనం కూడా పోస్ట్‌పోన్ చేద్దామా?" అన్నారు మా ఆయన. నేను చూసిన చూపుకు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

శుక్రవారం ఏడు గంటల డ్రైవ్. వాళ్ళాయనకు డ్యూటీ ఉండటంతో మా సంఘంలోని జోసఫిన్ మా కారులోనే వచ్చింది. ఆమెది కాకినాడ, నన్ను వదినా అంటుంది. ఒళ్ళో పులిహోర గిన్నె పెట్టుకుని దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. నేను ఫోన్ చూస్తూ కూర్చున్నాను. మా బీచ్ పసుపులో ఉంది. వేలితో పెద్దది చేసి చూశాను. పెద్ద పసుపు కనిపించింది.

"వదినా, ఆ ఫోన్ పక్కన పడేద్దురూ, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంది జోసఫిన్. "అయినా పాపకి సముద్రమే ఎందుకు కావాలంట?"

వెనకసీటులో నాకు రెండోపక్కన ఉన్న షాలోమ్ చెవుల్లోంచి ఇయర్‌బడ్స్ తీసింది. "అమ్మది ఓషన్‌లో అయింది ఆంటీ. మీకు తెలీదా? అమ్మా, ఆంటీకి చెప్పు. డాల్ఫిన్ స్టోరీ చెప్పు."

చెప్పాను, చెప్పక తప్పలేదు. నాకు పదిహేడేళ్ళప్పుడు బందరు దగ్గర సముద్రంలో బాప్తిస్మం అయిందని, అయ్యగారు నన్ను ముంచినప్పుడు పెద్ద అల వచ్చి ఇద్దరినీ కప్పేసిందని, నీళ్ళలో ఏదో జీవి నా కాలికి మెత్తగా తగిలిందని, లేచి చూస్తే దూరంగా డాల్ఫిన్ ఎగిరిందని. షాలోమ్ నా పెదాలనే చూస్తూ కూర్చుంది. ఆరేళ్ళ వయసులో ఆ కథ విని ఎలా చూసిందో ఇప్పుడూ అలాగే చూసింది.

"ఎంత ధన్యురాలు వదినా మీరు!" అంది జోసఫిన్.

అందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. పదిహేడేళ్ళ వయసు అన్నది తప్ప. మొదట హాస్టల్లో నోరు జారి చెప్పాను, తరవాత పెళ్ళిచూపుల్లో, ఆ తరవాత కూతురికి. చెప్పిన ప్రతిసారీ అల ఎత్తు కొంచెం పెరిగింది. డాల్ఫిన్ అయితే అమెరికా వచ్చాకే చేరింది. ఇప్పుడా అబద్ధం పట్టుకునే నా కూతురు దేవుడి దగ్గరికి వస్తానంటోంది. 

సాయంత్రం బీచ్ దగ్గర దిగేసరికి ముందు వాసన తగిలింది. పెట్రోల్ బంకులో కారు అద్దం దించినట్టుంది. చమురు ఒడ్డుకు చేరకుండా నీళ్ళకు అడ్డంగా నారింజరంగు తేలుడు గొట్టాలు కట్టారు. తెల్ల సూట్లు వేసుకున్న మనుషులు ఇసుకలోంచి నల్లటి ఉండల్ని ఏరి సంచుల్లో వేస్తున్నారు. గొడుగులు లేవు, పిల్లలు లేరు. ఐస్‌క్రీమ్ బండివాడొకడు షట్టర్ సగం దించుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. అతను కూడా ఆ మ్యాపే చూస్తున్నాడేమో అనిపించింది.

శనివారం పొద్దున ఆరింటికీ పసుపే. మధ్యాహ్నం అయ్యగారు అందర్నీ మోటల్ స్విమ్మింగ్‌పూల్ దగ్గర కూర్చోబెట్టారు.

"మేనేజర్‌తో మాట్లాడాను. రేపు ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా పూల్ మనకే ఇస్తానన్నాడు. నీళ్ళు నీళ్ళే కదమ్మా. ఏమంటావు షాలోమ్?"

"నో థ్యాంక్యూ అయ్యగారు" అంది షాలోమ్ మర్యాదగానే. "నెక్స్ట్ ఇయర్ చూస్కుందాం."

వచ్చే ఏడాదట! గదికి వచ్చాక నేను ఊరుకోలేదు.

"పూల్‌లో ఏం తక్కువైంది? సముద్రం మీద నీకెందుకే అంత పట్టుదల?"

"నీకు అలా అయింది కాబట్టి! నేను ఫేక్ చేయలేను అమ్మా. ఆ టబ్‌లో మా ఫ్రెండ్స్ అందరూ లైన్‌లో నిల్చొని, ఫొటో తీస్కొని, పిజ్జా తిన్నారు. నీ స్టోరీలో ఏదో ఉంది. అది రియల్. నాకు అది కావాలి."

 నా నోటినుంచి తప్పు మాట వచ్చింది. "ఆగస్టులో వెళ్ళిపోతున్నావు. ఆ తరవాత నువ్వెక్కడ, దేవుడెక్కడ?"

 షాలోమ్ బూట్లు వేసుకుని బయటికి వెళ్ళిపోయింది. వలంటీర్లు కావాలేమో అడగడానికి ఆ తెల్ల సూట్ల వాళ్ళ దగ్గరికి వెళ్ళిందని తరవాత తెలిసింది. ట్రెయినింగ్ లేనివాళ్ళు చమురునూ, చమురంటిన పక్షుల్నీ ముట్టుకోకూడదని పేరు మాత్రం రాసుకుని పంపేశారట.

ఆ సాయంత్రం నేను కూర్చున్నది లేదు. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు, బాల్కనీ నుంచి బాత్రూమ్‌కు తిరుగుతూనే ఉన్నాను. ఇస్త్రీ చేసిన తెల్ల డ్రెస్‌నే మళ్ళీ ఇస్త్రీ చేశాను. ఆరింటికి మ్యాపు మారింది. మా గీత మాత్రం మారలేదు. "ప్రార్థన చేస్కో దెబోరా, లేదా పడుకో. రెండూ కాకుండా ఈ నడకేంటి?" అన్నారు మా ఆయన. ప్రార్థన చేశాను. 'ప్రభువా, ఆ గీత ఆకుపచ్చ చెయ్యి' అని. యాభై ఏళ్ళకు దగ్గరపడిన మనిషి చేయాల్సిన ప్రార్థనేనా అది?

ఆదివారం తెల్లారింది. ఆరింటికీ పసుపే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎక్కడో ఆఫీసులో కూర్చుని గీతలు గీసేవాళ్ళకు ఒడ్డున ఏముందో ఏం తెలుసు? నేనే వెళ్ళి చూసుకుంటాను అనుకున్నాను. గదిలో వాళ్ళు నిద్ర లేవకముందే బయటపడి ఉత్తరంవైపు నడిచాను. తెల్ల సూట్లవాళ్ళు కనిపించనంత దూరం, చివరికి రాళ్ళు దాటి చిన్న మలుపులోకి. అక్కడ వాసన లేదు, మనుషులు లేరు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. చెప్పులు చేతబట్టుకుని, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని మోకాళ్ళదాకా దిగాను. హాస్పిటల్లో "ఈ గీత దాటి లోపలికి రాకూడదు" అని రోజూ పదిమందిని కసిరే నర్సుని నేనే.

నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయి. నా కళ్ళకు కనిపించినంతవరకు శుభ్రంగానే ఉన్నాయి. మనసులో ప్లాన్ అయిపోయింది. ఎనిమిదిన్నరకు అందర్నీ కార్లలో ఇక్కడికి తీసుకురావాలి. ఒక్క మునక. రెండు నిమిషాల పని. చూసేదెవరు, అడిగేదెవరు? చెప్పులు చేత్తోనే పట్టుకుని దాదాపు పరుగెత్తుకుంటూ వెనక్కి వచ్చాను.

తలుపు తీసింది షాలోమ్.

"ఎక్కడికి వెళ్ళావ్? డాడీ పార్కింగ్ లాట్ అంతా వెతుకుతున్నారు."

"షాలోమ్, దొరికింది! కొంచెం దూరంలో మలుపు ఉంది, నీళ్ళు ఎంత బావున్నాయో. చమురు చుక్క కూడా లేదు. నేను దిగి చూశాను. తొందరగా రెడీ అవ్వు."

షాలోమ్ నా ముఖం చూడలేదు. నా వెనక కారిడార్ వైపు చూస్తోంది. "అమ్మా. వెనక్కి చూడు."

లేత గోధుమరంగు కార్పెట్ మీద, మెట్ల దగ్గర నుంచి మా గుమ్మం దాకా, నల్లటి అడుగులు. కుడి, ఎడమ, కుడి, ఎడమ. అయిదు వేళ్ళూ విడివిడిగా పడ్డాయి. కాలెత్తి చూసుకున్నాను. అరికాలంతా జిగురుగా, నల్లగా, తారు రోడ్డు వేసేవాళ్ళ కాళ్ళలా ఉంది. చీర అంచుకు కూడా అంటుకుంది.

"అంత లేదులే, కొంచెమే" అన్నాను.

ఎలా అన్నానో నాకే తెలియదు. రెండు కాళ్ళనిండా తారు పెట్టుకుని, కూతురి కళ్ళలోకి చూస్తూ, కొంచెమే అన్నాను. ఆ అలవాటు నాలో అంతగా పాతుకుపోయింది.

షాలోమ్ నన్ను బాత్రూమ్‌లోకి తీసుకెళ్ళి తొట్టి అంచున కూర్చోబెట్టింది. సబ్బు పెట్టి రుద్దింది. తారు కదల్లేదు. ఫోన్‌లో చూసి, "సోప్‌తో పోదు, ఆయిల్ కావాలంట" అని జోసఫిన్ గదికి వెళ్ళి కొబ్బరినూనె సీసా పట్టుకొచ్చింది. కింద నేల మీద కూర్చుని నా పాదం ఒళ్ళో పెట్టుకుంది. దూదితో నూనె అద్ది, వేలివేలికీ మధ్య మెల్లగా రుద్దడం మొదలుపెట్టింది. నల్లటి దూది పక్కన కుప్పగా పడుతోంది. తను తల వంచుకుని రుద్దుతుంటే పాపిట కనిపిస్తోంది. చిన్నప్పుడు ఆ పాపిట తీసిన చేతులు ఇవి. ఇప్పుడా పిల్ల నా కాళ్ళు కడుగుతోంది. నేనేమో దానితో అబద్ధం చెప్పి ఇంకా పావుగంటైనా కాలేదు.

ఇక ఆపుకోలేకపోయాను.

"షాలోమ్, నాది సముద్రం కాదు."

"ఏంటి?"

"నా బాప్తిస్మం. సముద్రంలో కాదు. అల రాలేదు. డాల్ఫిన్ అస్సలు లేదు."

దూది పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

అంతా చెప్పాను. సముద్రానికే వెళ్ళాలని లారీ మాట్లాడారు మా సంఘంవాళ్ళు. పదకొండుమందిమి. సరిగ్గా ఆ రోజే బందరు రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. తుఫాను. ఎవర్నీ ఒడ్డుకు పోనివ్వలేదు. కాలువలో కానిద్దామంటే ఎండాకాలం, కాలువలు కట్టేసి ఉన్నాయి. చివరికి మా ఊళ్ళో నరసింహ గారని ఒకాయన తన రొయ్యల చెరువులో ఒక మూల వాడుకోమన్నారు. "త్వరగా కానివ్వండి, రొయ్య బెదురుద్ది" అని గట్టు మీద నిలబడి కంగారు పడుతూనే ఉన్నారు. నడుం లోతు నీళ్ళు, మోకాలి లోతు బురద. మేత వాసన. తెల్లచీర బూడిదరంగుకు తిరిగింది. ఒక చెప్పు బురదలోనే ఉండిపోయింది. నర్సింగ్ కాలేజీకి వెళ్ళాక హాస్టల్లో ఒకమ్మాయి తనది గోదావరిలో అని చెప్పింది, ఇంకో అమ్మాయి విశాఖ సముద్రంలో అంది. నన్నడిగారు. సిగ్గేసింది. సముద్రమనేశాను.

"అందుకే చెప్తున్నా" అన్నాను ఆయాసపడుతూ. "చోటుదేముంది? నాది రొయ్యల చెరువు. నీది పూల్. పూలే నయం, క్లోరిన్ వేస్తారు. ఇంకా టైముంది, అయ్యగారు కింద ఉన్నారు..."

నిజం కూడా నేను ఊరికే చెప్పలేదు. దాన్ని పూల్‌లోకి దింపడానికే చెప్పానని నా నోటితోనే బయటపడింది. షాలోమ్ కళ్ళు నీళ్ళతో నిండాయి. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. దూది మార్చి, మళ్ళీ మడమ దగ్గర రుద్దుతూ అడిగింది.

"నీకు కావాలనిపించిందా?"

"ఏది?"

"బాప్టిజం. ఆ రోజు. నీకు కావాలనే తీస్కున్నావా?"

ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. హాస్టల్లో అమ్మాయిలు ఎక్కడ అని అడిగారు. పెళ్ళిచూపుల్లో ఎప్పుడు అని అడిగారు.

"మా నాన్న చెప్పారు" అన్నాను. "కాలేజీకి వెళ్ళేలోగా అయిపోవాలన్నారు. వెళ్ళాక నువ్వెక్కడ, దేవుడెక్కడ అన్నారు."

ఆ మాట బయటికి వచ్చాక గానీ నాకు వినిపించలేదు. నిన్న ఇదే గదిలో నేనన్న మాటే అది. ఒక్క అక్షరం కూడా మార్చకుండా దాచుకుని, నా కూతురికి అప్పజెప్పాను. సిగ్గుతో తల దించుకుంటే ఎదురుగా నా నల్లకాలే కనిపించింది.

షాలోమ్ వదిలిపెట్టలేదు. "మరి ఎప్పుడు కావాలనిపించింది?"

"రెండేళ్ళ తరవాత. గుంటూరు పెద్దాసుపత్రిలో. మధ్యాహ్నం డ్యూటీ. ఒక ముసలామె, ఎవరూ లేరు ఆమెకి. నా చెయ్యి పట్టుకుని 'కూర్చో అమ్మా' అంది. నాకు చాలా పనుంది. అయినా కూర్చున్నా. ఆమె పోయేదాకా కూర్చున్నా. అప్పుడు... ఎవరూ చెప్పకుండా, నా అంతట నేను మాట్లాడా దేవుడితో. అదే మొదటిసారి. నీళ్ళు లేవు, అయ్యగారు లేరు, చేతికి డెట్టాల్ వాసన ఉంది అంతే."

"ఈ స్టోరీ నాకెప్పుడూ చెప్పలేదు."

"ఇందులో చెప్పుకోడానికేముందే?"

షాలోమ్ వెక్కివెక్కి ఏడ్చింది. ముఖం తుడుచుకోబోతే చేతికున్న తారు చెంపకంటింది. "అమ్మా, ఇదే కదా రియల్! నువ్వు నాకు డాల్ఫిన్ ఇచ్చావ్, ఇది దాచేశావ్." ఇంకో దూది తీసుకుని అంది. "నేను ఇవాళ తీస్కోను. కోపం కాదు. కొంచెం కోపమే. కానీ దానివల్ల కాదు. నేను నీ ఓషన్ కోసం ఎస్ చెప్పా. నా కోసం ఇంకా చెప్పలేదు. నీకు టూ ఇయర్స్ పట్టింది కదా. నాకు కూడా టైమ్ ఇవ్వు."

వెయ్యి మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. బోస్టన్, ఆగస్టు, వచ్చే ఏడాది ఎవరు చూశారు, అయ్యగారు ఏమనుకుంటారు. ఒక్కటీ 'నీకు కావాలనిపించిందా' అన్న ఆ ప్రశ్న ముందు నిలబడలేదు.  తల ఊపాను.

ఎనిమిదిన్నరకు పూల్ దగ్గరికి నేనొక్కదాన్నే దిగాను. మా ఆయన కారిడార్‌లో మోకాళ్ళ మీద కూర్చుని మేనేజర్‌తో కలిసి నా అడుగుల్ని తుడుస్తున్నారు. నా వైపు చూసి ఏదో ఎగతాళి చేయబోయి, నా ముఖం చూసి మానుకున్నారు. కింద అయిదు కుటుంబాలూ కుర్చీల్లో సర్దుకున్నాయి. అయ్యగారు తెల్లబట్టల్లో, ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని, నీళ్ళ మెట్టు మీద నిలబడి ఉన్నారు.

"షాలోమ్ ఏదమ్మా?"

జ్వరమని చెప్పొచ్చు. సముద్రమే కావాలంటోంది, చమురు వల్ల ఆగిపోయిందని చెప్పొచ్చు. అందరూ అయ్యో అంటారు, ఎవరికీ నష్టం లేదు, ఆ చమురు మీద ఇంకో చిన్న నింద పడుతుంది. రెండూ నోటిదాకా వచ్చాయి.

"ఇవాళ లేదయ్యగారూ" అన్నాను. "తను ఇంకా సిద్ధంగా లేదు. నేనే తొందరపెట్టాను. ఇంకో మాట. నా సముద్రం కథ అబద్ధం. నాకు బాప్తిస్మం ఇచ్చింది రొయ్యల చెరువులో."

  అయ్యగారు మెల్లగా మెట్టెక్కి, ప్యాంటు మడతలు దించుకున్నారు.

"నాది కల్లం పక్కన ఎడ్లు నీళ్ళు తాగే తొట్టి" అన్నారు. "అమ్మాయి సిద్ధమైనప్పుడు చెప్పమనండి. వస్తాను."

జోసఫిన్ మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. పులిహోర ప్లేట్లు సర్దుతూ నన్ను నిలదీసింది. "మరి డాల్ఫినో వదినా?"

"రొయ్య" అన్నాను. "కాలికి తగిలింది."

ముందు ఎవరు నవ్వారో తెలియదు, అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏడుపు కలిసిన నవ్వు. వెనక నుంచి ఇంకో నవ్వు కూడా వినిపించింది. షాలోమ్ మెట్ల మీద నిలబడి ఉంది, చెంప మీద తారు మరక అలాగే ఉంది.

పిల్లలు నీళ్ళలోకి దూకారు. ఒప్పుకున్న గంటలో ఇంకా ముప్పావు మిగిలే ఉంది మరి. షాలోమ్ వచ్చి నా పక్కన కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టింది. నేనూ పెట్టాను. కొబ్బరినూనె నీళ్ళ మీద సన్నగా రంగులు తేలింది. అలవాటుకొద్దీ ఫోన్ కోసం చెయ్యి వెళ్ళింది. ఫోన్ గదిలోనే మర్చిపోయాను.

"ఆ పాండ్ ఇంకా ఉందా?" అంది షాలోమ్.

"ఏది, రొయ్యలదా? ఉంది. నరసింహ గారబ్బాయి చూస్కుంటున్నాడు."

"నాకు ఎప్పుడైనా చూపిస్తావా?"

డిసెంబర్‌లో వెళ్దాం, నీ సెలవులకి, తెల్ల డ్రెస్ కూడా పెట్టుకుందాం, మా ఊరి అయ్యగారితో నేను మాట్లాడతాను. నాలుగు మాటలూ ఒకదాన్నొకటి తోసుకుంటూ గొంతులోకి వచ్చేశాయి. పళ్ళు బిగించాను.

"చూపిస్తాను" అన్నాను.

అంతకుమించి ఒక్క మాట అనలేదు. అనకుండా ఉండటానికి నేనెంత అవస్థ పడ్డానో ఆ దేవుడికే తెలియాలి.